చలనచిత్ర పండితుడు సీగ్‌ఫ్రీడ్ క్రకౌయరు

మన సంఘ వార్షిక మహాసభల సందర్భమున వెలువడు సంచికలయందు మహనీయుల జీవితములను వ్రాయుట చిరకాలముగా వచ్చుచున్న యాచారము. మేమును ఇంతకు బూర్వము కవులను గూర్చియు, వైయాకరణులను గూర్చియు, విద్యాదాతలను గూర్చియు వ్రాసి పాఠకుల యాదరమునకు బాత్రులమైతిమి. ఈ యేడు మాత్రము మన కులమునకు గాని, మన దేశమునకు గాని చెందని యొక పండితుని చరిత్రమును సోదరీసోదరులకు సమర్పించుచున్నాము. ఆతడు జర్మనీ దేశమున బుట్టిన యూదుడు. పేరు సీగ్‌ఫ్రీడ్ క్రకౌయరు. సినిమాలను, నాట్యశాలలను, గుమాస్తాల సాయంకాలపు వినోదములను శాస్త్రదృష్టితో బరిశీలించి, అట్టి పరిశీలనమునకు విద్వల్లోకమున స్థానము గల్పించిన కొలదిమందిలో నాత డగ్రగణ్యుడు.

ఇట్టివానిని గూర్చి వ్రాయ మాకు బుద్ధి పుట్టుటకు గారణము గలదు. గడచిన సంవత్సరము మన విద్యానిధి సహాయమును గోరి వచ్చిన విజ్ఞాపనలలో నొకటి చిత్రమైనది. చలనచిత్రములను గూర్చియు, జనసామాన్యపు వినోదములను గూర్చియు ఉన్నతవిద్య నభ్యసింప దలచితినని యొక విద్యార్థి యందు వ్రాసియుండెను. ఆ విజ్ఞాపనలను పరిశీలించు ఉపసంఘములో మేమును సభ్యులము. ముప్పదేండ్లకు బైగా బడిపిల్లలకు శబ్దమంజరిని, రఘువంశమును బోధించి, సినిమాకు బోయిన బాలురను బల్లమీద నిలువబెట్టి దండించిన మాకు ఆ కోరిక పరిహాసాస్పదముగా దోచెను. దాతల సొమ్ము సినిమాలు చూచుటకు గాదని మేమే మొదట నడ్డు చెప్పితిమి. తక్కినవారు మా వయస్సును మన్నించి సమ్మతించిరి. విజ్ఞాపన త్రోసివేయబడెను. పిదప మాకు మనస్సు కుదుటబడలేదు. తెలియని విద్యను దెలియకయే నిందించితిమను సంకోచము పీడింపగా, ఆ విద్య యెట్టిదో తెలిసికొన జదువ నారంభించితిమి. ఆ చదువులో మాకు దారసిల్లిన జీవిత మిది.

క్రకౌయరు 1889వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన, మైన్ నదీతీరమందలి ఫ్రాంక్‌ఫర్టు నగరమున జన్మించెను. తండ్రి అడాల్ఫు వర్తకుల సరకులకు గిరాకి కుదుర్చుటకై యూరూర దిరుగు ప్రతినిధి. ఇంటిపట్టున నుండుట యరుదు. తల్లి పేరు రోజెట్టి. అడాల్ఫు సోదరుడైన ఇసిడోరు, రోజెట్టి సోదరియైన హెడ్విగును వివాహమాడియుండెను. అన్నదమ్ములిద్దరు అక్కచెల్లెండ్రను జేసికొనుటచే నీ రెండు కుటుంబములకు నెడమే లేకుండెను. ఇసిడోరు ఫ్రాంక్‌ఫర్టు యూదులు తమ బిడ్డల చదువునకై 1804లో స్థాపించుకొనిన ఫిలాంత్రోపిన్ అను పాఠశాలలో నుపాధ్యాయుడు. అంతియ కాక, ఆ జాతివారి ధర్మనిధితో బేద బాలురకై నడచుచుండిన విద్యార్థి వసతిగృహమునకు ఆ దంపతులే పాలకులు. మన సీగ్‌ఫ్రీడ్ బాల్యములో జాల భాగము ఆ గృహమునందే గడచెను.

ఈ ఇసిడోరు సామాన్యుడైన యుపాధ్యాయుడు గాడు. బడి ముగిసిన పిమ్మట నగర దస్తావేజుల భాండారమునకు బోయి, ప్రాతపడిన పత్రములను, పన్నుల చిట్టాలను, న్యాయస్థానపు లిఖితములను శోధించి, మధ్యయుగమునుండి ఫ్రాంక్‌ఫర్టులో దన జాతివారు బ్రతికిన బ్రతుకును వెలికిదీయుటకు జీవితమును ధారవోసెను. 1923లో నాతడు మరణించిన తరువాత ఆ చరిత్రము 1925, 1927 సంవత్సరములలో రెండు సంపుటములుగా బ్రకటింపబడెను. రాజులును సేనాపతులును గాక, అప్పులిచ్చినవారును అప్పులు తీర్చలేనివారును జరిత్రకు సాక్షులు గాగలరని బాలుడా యింట నేర్చికొనియుండును. కుల విద్యార్థి వసతిగృహము లెట్లు నడచునో, కులచరిత్ర మెంత కష్టముతో సమకూరునో మన సంఘమువారికి వేరుగ జెప్పనక్కరలేదు. అట్టి గృహమునుండి వెడలిన బాలు డేమయ్యెనో చూడదగును.

బాల్యమునుండియు క్రకౌయరునకు మాట తడబడుచుండెను. నత్తి యను నా లోపము జీవితాంత మాతనిని విడువలేదు. సభలో నిలిచి యుపన్యసింపవలసిన ఆచార్యవృత్తి యాతనికి దూరమగుటకు నిదియు నొక హేతువు. తత్త్వశాస్త్రమునందు మక్కువ మిక్కుటమైనను, బ్రతుకుదెరువు నెంచి వాస్తుశిల్పవిద్య నభ్యసించెను. బెర్లినులో గియార్గ్ సిమ్మెల్ అను సమాజతత్త్వవేత్త యుపన్యాసములను వినెను. ధనము, వేషభూషలు, మహానగరపు రద్దీ మున్నగు నిత్యవిషయములను దత్త్వవిచారమునకు దెచ్చిన మేధావి సిమ్మెల్. ఆతని ప్రభావము క్రకౌయరుపై గాఢముగా బడెను. 1914లో డాక్టరు పట్టమునకై వ్రాసిన గ్రంథము బెర్లిను, పోట్స్‌డాము ప్రాంతముల ఇనుప కమ్మరపు నగిషీపనిని గూర్చినది. ద్వారములకును, మెట్లకును, సమాధులకును జుట్టిన ఇనుప లతలను జూచి ఆ కాలపు మనుష్యుల రుచిని జెప్పుట యందలి పని. పైపై యలంకారమునందు లోపలి బుద్ధి గోచరించునను నీ చూపే తరువాతి కాలమున మరియొకచోటికి దిరిగెను.

మొదటి మహాయుద్ధకాలమున, 1916లో, ఫ్రాంక్‌ఫర్టునందలి సైనిక శ్మశానవాటిక నిర్మాణమునకై జరిగిన పోటీలో నాతని నమూనా గెలుపొందెను. చచ్చిన యువకులను వరుసలు దీర్చి పండుకొనబెట్టుటకు బటము గీయుటయే యాతని వాస్తుశిల్పమున ముఖ్యమైన విజయమయ్యెను. ఆ యనుభవము మనస్సులో ముల్లువలె నిలిచి, 1928లో గ్రంథకర్త పేరు లేకయే వెలువడిన గిన్‌స్టర్ అను నవలలో బయటబడెను.

1921లో, ముప్పదిరెండేండ్ల వయస్సున, క్రకౌయరు శిల్పివృత్తిని విడిచి ఫ్రాంక్‌ఫుర్టర్ త్సైటుంగ్ అను ప్రసిద్ధ దినపత్రికలో విలేఖరిగా జేరెను. 1924 నాటికి సంపాదకవర్గమున స్థిరపడెను. ఉదారభావములకు బేరువడసిన పత్రిక యది. ఇక్కడ బండ్రెండేండ్లలో నాతడు వ్రాసిన వ్యాసములు రెండువేలకు దగ్గరగా నుండును. అందు వందలకొలది చలనచిత్ర సమీక్షలు. మిత్రవర్గము గొప్పది. తరువాత జగత్ప్రసిద్ధుడైన తియొడోర్ అడోర్నో బాలుడుగా నున్నప్పుడు, శనివారపు సాయంకాలములందు క్రకౌయరునొద్ద గూర్చుండి కాంటు తత్త్వగ్రంథమును జదివినవాడు. వాల్టర్ బెన్యమిన్, ఎర్న్‌స్ట్ బ్లాక్, లియో లోవెంతాల్ అను విద్వాంసులతో సాంగత్యము. ఇందరు తత్త్వవేత్తల నడుమ మెలగుచు, కాంటును గుర్వాసనమున గూర్చుండి బోధింపగల వాడు, ప్రతివారమును సినిమాశాలకు బోయి పత్రికకు సమీక్ష వ్రాసెను. మాకు మొదట నచ్చెరువు గొలిపిన విషయ మిది.

ఈ మార్పున కొక సంఘటన గురుతు. మార్టిన్ బూబర్, ఫ్రాన్జ్ రోజెన్‌జ్వైగ్ అను యూద పండితులు తమ పవిత్రగ్రంథమును హీబ్రూనుండి జర్మనులోనికి, ప్రాచీన శబ్దగాంభీర్యము దొణకుచుండ నూతనముగా ననువదింప నారంభించిరి. వారి బంధుమిత్రవర్గమున మెలగినవాడే యయ్యు, 1926లో క్రకౌయరు ఆ యనువాదమును దీవ్రముగా విమర్శించెను. ప్రాచీనతను దలపించు భాష సత్యమును దెచ్చి యియ్యజాలదనియు, ఈ కాలపు సత్యము నిత్యజీవితపు సామాన్యవస్తువులందే వెదకదగినదనియు నాతని వాదము. మిత్రులు నొచ్చుకొనిరి. గ్రాంథికమునందే చేయి తిరిగిన మావంటివారికిని నీ మాట కొంచెము గుచ్చుకొనును. ప్రాచీనవాక్కు సత్యమును మోయలేదనుట మేమంగీకరింపము. కాని ప్రాచీనవాక్కు చేతనున్నదని వర్తమానమును జూడకుండుట దోషమనుట యంగీకరింపక తప్పదు.

మరుసటి యేడు, 1927లో, ఆతని ముఖ్యవ్యాసములు రెండు వెలువడెను. మొదటిది జనసమూహమే యలంకారమగుటను గూర్చినది. ఆ కాలమున టిల్లర్ గర్ల్స్ అను నర్తకీబృందములు ఐరోపా నాట్యశాలల నాక్రమించియుండెను. ఒకే కొలత గల యువతులు ఒకే వేషముతో వరుసగా నిలిచి, ఒకే క్షణమున గాళ్ళెత్తి దింపుచుందురు. ఏ యువతికిని బ్రత్యేకముఖము లేదు, వరుసకే సౌందర్యము. వినోదమే కదా యని యెల్లరును జూచి వెడలిరి. క్రకౌయరునకు మాత్రము కార్మాగారము గోచరించెను. యంత్రశాలలో వరుసగా గూర్చున్న పనివారి చేతులెట్లు వేరు చేయబడి యొక్క లెక్కకు లోబడునో, వేదికపై నర్తకుల కాళ్ళట్లే లోబడుచున్నవని యాతడు చూపెను. మనిషిని ముక్కలుగా గణించు నార్థికవ్యవస్థకు నీ నృత్యము తెలియకయే పట్టిన యద్దమని తాత్పర్యము. అట్లని యా వినోదమును జూచు జనులను నాతడు పరిహసింపలేదు. కాలమునకు దగని కళలను బూజించు పండితులకంటె, ఉన్నదానిని సూటిగా జూపు వినోదమే సత్యమునకు జేరువ యని యాతని యభిప్రాయము.

రెండవది దుకాణములలో బనిచేయు బాలికలు సినిమాకు బోవుటను గూర్చిన వ్యాసమాల. ఆ కాలపు చిత్రములందు గడు బేద యువతిని ధనవంతుడు పెండ్లియాడును. దుర్మార్గుడైన సంపన్నుడు చివరి ఘట్టమున మంచివాడగును. లోకమందలి కష్టములన్నియు నొక వివాహముతో దీరును. ఇవి యన్నియు నవాస్తవములని పండితులు త్రోసిపుచ్చిరి. క్రకౌయరు త్రోసిపుచ్చలేదు. అవాస్తవమగు కల్పన యెంత యధికమో, సంఘము తన్ను గూర్చి కను పగటికల యంత స్పష్టమని చెప్పెను. స్వప్నమును జూచి రోగి మనస్సును వైద్యుడు పసికట్టునట్లు, చిత్రమును జూచి సంఘపు మనస్సును బసికట్టవచ్చును. మన చిత్రములందును బేదవాడు జమీందారు కుమార్తెను బెండ్లాడుట యెన్నిసార్లు చూడలేదు? అది జరుగదని యెల్లరకు దెలియును. జరుగవలెనని యెందరు కోరుచున్నారో, జరుగకుండుటకు గారణములేవో యడుగుట యీ విద్యకు బని.

1929లో నాతడు బెర్లిను నగరమునకు బోయి యొక నూత్నపద్ధతి పరిశోధన చేసెను. ఆ నాటికి జర్మనీలో జీతగాండ్రగు ఉద్యోగులు ముప్పదియైదు లక్షలనియు, అందు బండ్రెండు లక్షలు స్త్రీలనియు నాతడే లెక్క చూపెను. గుమాస్తాలు, టైపిస్టులు, దుకాణపు విక్రేతలు మున్నగువారే వీరు. కార్యాలయములకు, ఉద్యోగవినిమయ కేంద్రములకు, కార్మిక న్యాయస్థానములకు, రాత్రిపూట వినోదశాలలకును దిరిగి, ఆయా మనుష్యులతో మాటలాడి, వారి యుత్తరములు చదివి, వారు చూచు చిత్రములు చూచెను. 1930లో బుస్తకముగా వెలువడిన యా పరిశీలన చెప్పిన విషయము భయావహము. వీరి యాదాయము కార్మికుని యాదాయమువంటిది. అభిమానము మాత్రము పెద్దయింటివారిది. ఉద్యోగమూడినను దాము కార్మికులమని యొప్పుకొనరు. పట్టుకొన నాధారము లేని యీ మధ్యతరగతి సాయంకాలము కాగానే దీపకాంతులతో వెలుగు వినోదసౌధములలో దల దాచుకొనును. ఇట్టివారి శూన్యత నెవడు నింపునో వానికి వీరు వశులగుదురను శంక యా గ్రంథమునుండి సహజముగా బుట్టును. ఆ శంక నిజమగుటకు మూడేండ్లు పట్టెను.

1930 మార్చిలో క్రకౌయరు ఎలిజబెత్ ఎరెన్‌రైక్‌ను, లిలీ యని మిత్రులు పిలుచు విదుషిని, వివాహమాడెను. ఆ యేటనే పత్రికవారి బెర్లిను శాఖకు సాంస్కృతిక విభాగ సంపాదకుడుగా బోయెను. 1933 ఫిబ్రవరి 27వ తేదీ రాత్రి జర్మను శాసనసభా భవనము దగ్ధమయ్యెను. మరునాడే దంపతులు బెర్లినును విడిచి పారిసునకు బయలుదేరిరి. పండ్రెండేండ్లు సేవ చేసిన పత్రిక యా సంవత్సరమే యాతనిని దొలగించెను. నలువది నాలుగేండ్ల వయస్సున, నత్తి గల నాలుకతో, పరభాషాదేశమున, జీతము లేక నిలిచెను.

ఫ్రాన్సులో నెనిమిదేండ్లు గడపెను. 1937లో బ్రకటించిన గ్రంథము 19వ శతాబ్దపు గీతనాటకకర్త జాక్ ఆఫన్‌బాకును గూర్చినది. అది సంగీతజ్ఞుని చరిత్రము గాదు. ఆతని యల్లరి నాటకములను జూచి నవ్విన పారిసు నగరపు చరిత్రము. ఇచ్చటను జూపు మారలేదు. నవ్వు మీదుగా నగరమును జదివెను. అడోర్నో మున్నగు మిత్రులకా గ్రంథము రుచింపలేదు. లేమియు గ్రమముగా బెరిగెను. 1939లో యుద్ధము రాగా, హిట్లరుచే దరుమబడిన యీ యూదుని ఫ్రెంచివారు జర్మను దేశీయుడను కారణముచే గొంతకాలము శిబిరమున నిర్బంధించిరి. 1940లో ఫ్రాన్సు పతనమొందగా దంపతులు మార్సెయి రేవునకు బారిరి. అక్కడ బెన్యమిను గూడ జేరెను. ఇద్దరును వీసాలకై రాయబార కార్యాలయముల గుమ్మములయొద్ద నిరీక్షించిరి. సెప్టెంబరులో బెన్యమిను కొండదారిని స్పెయిను సరిహద్దు జేరి, ముందునకు బోనీయరని యెరిగి, పోర్ట్‌బో గ్రామమున బ్రాణత్యాగము చేసికొనెను. ఆ మరణవార్తను విన్న పిమ్మటను మార్సెయిలో వేచియున్న క్రకౌయరు తన నోటుపుస్తకములలో జలనచిత్ర తత్త్వమును గూర్చిన గ్రంథమునకు బ్రణాళిక వ్రాయుచుండెను. రేపటిదాక బ్రతుకుట సందేహమైన దినములలో నిరువదేండ్లకు ఫలించు గ్రంథమునకు విత్తు నాటుట ధైర్యము గాక మరేమి?

అమెరికాలోని మిత్రుల ప్రయత్నముచే గడకు వీసాలు లభించెను. స్పెయిను మీదుగా లిస్బను జేరి యోడ నెక్కి, 1941 ఏప్రిలు 25వ తేదీన న్యూయార్కున దిగిరి. ఆతని కప్పుడు ఏబదిరెండేండ్లు. న్యూయార్కునందలి ఆధునిక కళాప్రదర్శనశాల 1935లో నొక చలనచిత్ర గ్రంథాలయమును స్థాపించియుండెను. దాని నిర్వహించుచుండిన ఐరిస్ బారీ యను విదుషి ముందుచూపుతో జర్మను చిత్రములను గూడ సంపాదించి భద్రపరచెను. అందు జర్మను యుద్ధప్రచార చిత్రములను బరీక్షించు పని క్రకౌయరునకు లభించెను. 1942లో నాతని పరిశోధనపత్రము వెలువడెను. తాళపత్రములకు మఠములెట్లో, చలనచిత్రములకు నట్టి భాండారములని మాకప్పుడు బోధపడెను.

ఆ 1942వ సంవత్సరమందే, ఫ్రాంక్‌ఫర్టున మిగిలిపోయిన వృద్ధురాండ్రు రోజెట్టియు, హెడ్విగును నాజీలచే దెరెసిన్‌స్టాట్ నిర్బంధస్థలమునకు దరలింపబడిరి. వారినిగూడ రప్పించుకొన గుమారుడు చేసిన ప్రయత్నములు ఫలింపలేదు. వా రిరువురును దిరిగి రాలేదు. పేద బాలురకు అన్నము పెట్టి చదువు చెప్పించిన యిల్లాలి కిట్టి యంత్యము. ఇసిడోరు వ్రాసిన చరిత్రము మిగిలెను. ఆ చరిత్రమందలి సమాజము మిగులలేదు. తల్లిని బోగొట్టుకొనిన కుమారుడు న్యూయార్కు చీకటిగదిలో గూర్చుండి, తన జాతిని జంపుచున్న దేశపు పాత చిత్రములను మరల మరల జూచుచుండెను. ఆ దేశమీ గతికెట్లు వచ్చెనను ప్రశ్న యాతనికి బుస్తకములకు సంబంధించినది మాత్రమే గాదు.

ఆ ప్రశ్నకు సమాధానముగా 1947లో బ్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన గ్రంథము, కాలిగరీనుండి హిట్లరువరకు, ఆతనికి శాశ్వతకీర్తి దెచ్చినది. ఏబదేండ్లు దాటిన పిదప నేర్చిన యింగ్లీషులో నాతడు దానిని వ్రాసెను. ఒక జాతి మనఃస్థితిని ఇతర కళలకంటె జలనచిత్రము సూటిగా దెలుపునని యందలి మూలసూత్రము. కారణములు రెండు. కావ్యమువలె జిత్రమొక్కని సృష్టి గాదు. రచయిత, దర్శకుడు, నటులు, చిత్రగ్రాహకుడు, ధనమిచ్చువాడు నందరు గలిసి చేయుటచే నొక్కని వింతపోకడలు తగ్గి యందరి భావములును జొరబడును. మరియు నది పేరు తెలియని లక్షలాది జనులకై తయారగుటచే వారి కోరికల ననుసరింపక నిలువలేదు.

1920లో వెలువడిన డాక్టరు కాలిగరీ అను చిత్రము ముఖ్యోదాహరణము. సంతలో గారడీ చూపు కాలిగరీ, నిద్రలో నడచు నొక యువకుని వశపరచుకొని హత్యలు చేయించును. ఆ గారడీవాడే పిచ్చాసుపత్రి యధికారియని తుదకు దేలును. ఉన్మత్తమగు నధికారము అమాయకులచే హత్యలు చేయించునని కథారచయితలైన యానోవిట్స్, మేయరుల తలపు. కాని చిత్రము పూర్తియగునప్పటి కా కథనంతయు నొక పిచ్చివాడు చెప్పుచున్నట్లు మార్చి, అధికారిని దయామయుడైన వైద్యునిగా జూపిరి. అధికారమును ధిక్కరించిన కథ యధికారమునకు నమస్కరించు కథయయ్యెనని క్రకౌయరు వాదము. అచ్చటినుండి నిరంకుశుల కథలు, విధికి దలయొగ్గు కథలు, తిరుగబడి మరల నమ్మ యొడిలో దల దాచుకొను యువకుల కథలు వరుసగా జూపి, జర్మను మధ్యతరగతి స్వాతంత్ర్యమునకు వెరచి నిరంకుశత్వమునకు లోలోపల సిద్ధపడుచుండెనని నిరూపింప బూనుకొనెను. 1935లోని నాజీ మహాసభా చిత్రమున లక్షల మనుష్యులు వరుసలై, స్తంభములై, నగిషీలై కనబడుదురు. 1927లో నాట్యవేదికపై జూచిన యలంకారమే యిప్పుడు సైన్యమై నిలిచెను.

ఈ సిద్ధాంతము నిర్దుష్టమని మేము చెప్పము. హిట్లరు వచ్చిన పిమ్మట వెనుదిరిగి చూచినవానికి బ్రతి చిత్రమునందు నాతని నీడయే కనబడుట సహజమని విమర్శకులాక్షేపించిరి. జాతి కంతటికి నొక్క మనస్సని యెంచుట సరికాదనిరి. అంతేకాదు, కాలిగరీ చిత్రపు మూలలిఖితము తరువాతి కాలమున బయల్పడగా నందును వేరొక రీతి యుపోద్ఘాత ముండెను. కావున రచయితల మాటనే నమ్మి క్రకౌయరు చెప్పిన వృత్తాంతము పూర్తిగా నిలువలేదు. కాని సాక్ష్యమొకటి సడలినను మార్గము చెడలేదు. సామాన్యుల వినోదమున సంఘచరిత్రమున్నదను మాట యాతని విమర్శకులును వదలలేదు; ఆతనితో వాదించుటకే యొక శాస్త్రము పెరిగెను. శంకరునితో వాదింప రామానుజీయులు భాష్యములు వ్రాయుటచే వేదాంతము పెరుగలేదా?

1960లో, డెబ్బదియొక్క యేండ్ల వయస్సున, మార్సెయిలో విత్తిన గ్రంథము చలనచిత్ర సిద్ధాంతముగా ఫలించెను. చలనచిత్రము ఛాయాచిత్రమునుండి పుట్టినది గాన, కంటికి గనబడు లోకమును మనకు దిరిగి యిచ్చుటయే దాని ధర్మమని యందు బ్రతిపాదించెను. గాలికి గదలు నాకులు, వీథిలోని రద్దీ, క్షణమాత్రమున ముఖముపై మెరసి మాయమగు భావము, ఇట్టివి మన కన్నులయెదుటనే యుండియు మనకు గనబడవు. చిత్రము వానిని జూపును. ఆ గ్రంథపు దుది పుటలలో, మనుష్యజాతి యంతయు నొక్క కుటుంబమను ప్రసంగమున, ఆతడు స్మరించిన చిత్రము మన దేశమునది: సత్యజిత్ రాయి 1956లో నిర్మించిన అపరాజితో. కాశీలో భర్తను బోగొట్టుకొని, చదువునకై నగరమునకు బోయిన కొడుకు కొరకెదురుచూచుచు దుదకొంటరిగా మరణించు వంగదేశపు తల్లి కథ యది. దూరదేశపు ముఖములైనను న్యూయార్కు ప్రేక్షకునకు దన వీథిలోని కథయే యనిపించునని యాతని భావము. కొడుకు రాకకై చూచు తల్లిని గూర్చి వ్రాయునప్పుడు, ఫ్రాంక్‌ఫర్టున మిగిలిపోయిన రోజెట్టి యాతని కన్నులకు గట్టలేదని మేమనలేము.

చివరి దినములందు చరిత్రశాస్త్రమును గూర్చి గ్రంథము వ్రాయుచుండెను. చిత్రగ్రాహకునకును జరిత్రకారునకును బోలిక గలదనియు, ఇద్దరును దమ కల్పననణచి యున్నదానిని గౌరవింపవలెననియు, దేశభ్రష్టుడు పరదేశమును జూచునట్లు చరిత్రకారుడు గతమును జూడవలెననియు నాతని తలపు. తండ్రి సోదరుడైన ఇసిడోరు పనివద్దకే కడకు దిరిగి వచ్చినట్లాయెను. తన వయస్సును బహిరంగముగా జెప్పుట యాతనికెన్నడును సరిపడలేదు. గ్రంథము పూర్తికాకయే, 1966 నవంబరు 26వ తేదీన, న్యూయార్కున న్యుమోనియా వ్యాధిచే బరమపదించెను. మిత్రులు సవరించి 1969లో దానిని వెలువరించిరి. విశ్వవిద్యాలయమున నాచార్యపీఠ మాతని కెన్నడును లభింపలేదు. నేడు చలనచిత్రవిద్య బోధించు విశ్వవిద్యాలయములలో నాతని గ్రంథములు పాఠ్యములు.

పాఠకులారా! ఈ జీవితమునుండి మేము గ్రహించిన దొక్కటి. తోలుబొమ్మలాటను, వీథిభాగవతమును, బుఱ్ఱకథను మా గురువులు చదువుగా గణింపలేదు. వారి ననుసరించి మేమును సినిమాను గణింపలేదు. మనవారు దేనిని జూచి నవ్వుచున్నారో, దేనిని జూచి కన్నీరు విడుచుచున్నారో యెరుగకయే, మన కులస్థితిగతులను గూర్చి యేటేట దీర్మానములు చేయుచుంటిమి. ఒక జాతి తన వినోదమునందు దాచుకొనని దానిని సకాలమున జదువువారు లేకున్న నేమగునో జర్మనీ చరిత్రము చెప్పుచున్నది. చదివినవాడొకడుండియు విననివారే యెక్కువైన నేమగునో గూడ నదియే చెప్పుచున్నది.

ఫ్రాంక్‌ఫర్టు దాత తన ధర్మనిధిని స్థాపించునాటికి చలనచిత్రము పుట్టనే లేదు. ఆ గృహమున బెరిగిన బాలుడు దేనిని జదువునో యెరిగి యాతడు ధనమియ్యలేదు. చదువవలెనని మాత్రమే యిచ్చెను. మన విద్యానిధికిని నిట్టి యౌదార్యమే శోభ. కావున నీ మహాసభయందు, గడచిన యేడు మా మాటచే ద్రోసివేయబడిన విజ్ఞాపనను మరల బరిశీలింపవలెనని మేమే ప్రతిపాదింప నున్నాము. ఆ విద్యార్థి వేరు దారి జూచుకొనియుండనిచో, ఆతనికి వ్రాయవలసిన యుత్తరమునందు మా తప్పును మేమే స్వహస్తముతో నొప్పుకొందుము. వదాన్యులగు పోషకులు సమ్మతింతురు గాక.